నారింజ తొక్కల సారంతో జింక్ ఆక్సైడ్ నానోకణాలు: ఇందులో సారం చేసే పని ఏమిటి?

ప్రశ్న
రాసినవారు: ఎం.ఎస్సీ. రసాయన శాస్త్ర విద్యార్థిని

అందరికీ నమస్కారం. నా ప్రాజెక్టు పండ్ల తొక్కల సారంతో జింక్ ఆక్సైడ్ నానోకణాలను తయారుచేయడం గురించి. ఎండబెట్టి పొడి చేసిన నారింజ తొక్కను 10 గ్రాములు తీసుకుని, 100 మిల్లీలీటర్ల స్వేదన జలంలో 70 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఉంచి, వడపోత కాగితంతో వడకట్టి సారాన్ని సిద్ధం చేశాను. దానికి 0.1 మోలార్ జింక్ ఎసిటేట్ ద్రావణాన్ని 100 మిల్లీలీటర్లు కలిపి, అదే ఉష్ణోగ్రత వద్ద కలియబెడుతూ వేడిచేశాను. పసుపు రంగులో ఉన్న ద్రావణం క్రమంగా ముదిరి గోధుమ రంగుకు తిరిగింది గానీ అవక్షేపం మాత్రం ఏర్పడలేదు.

నేను చదివిన పరిశోధన పత్రాల్లో చాలావాటిలో ఒకే తరహా వివరణ కనిపిస్తోంది. సారంలోని పాలీఫీనాల్‌లు (మొక్కల్లో సహజంగా ఉండే ఫీనాల్ సమ్మేళనాలు) జింక్ అయాన్లను క్షయకరణం చేస్తాయని (అంటే వాటికి ఎలక్ట్రాన్లు ఇస్తాయని), ఆ తరువాత అవే కణాల ఉపరితలాన్ని కప్పి స్థిరపరుస్తాయని, రంగు మారడమే నానోకణాలు ఏర్పడినట్టు గుర్తు అని వాటిలో రాశారు. తయారీ విధానం దగ్గరకు వచ్చేసరికి మాత్రం కొందరు సోడియం హైడ్రాక్సైడ్ కలుపుతున్నారు, మరికొందరు మిశ్రమాన్ని ముద్ద అయ్యేదాకా ఇగరబెట్టి మఫిల్ ఫర్నేస్‌లో (కొలిమిలో) పెడుతున్నారు. నేను రెండూ చేసి చూశాను. పీహెచ్ 11 వచ్చేవరకు సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే లేత గోధుమ రంగు అవక్షేపం వచ్చింది. ముద్దను 450 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచితే బూడిద రంగు పొడి మిగిలింది.

నా సందేహం ఇది. పాలీఫీనాల్‌లే జింక్‌ను క్షయకరణం చేస్తుంటే మొదటి దశలోనే కణాలు ఏర్పడాలి కదా, అలా ఎందుకు జరగలేదు? క్షారం గానీ కొలిమి గానీ లేకుండా పని కానప్పుడు తొక్కల సారం వల్ల ఒరిగేదేమిటి? నివేదికలో చర్యా విధానం గురించి ఏమి రాస్తే సరైనదవుతుందో పెద్దలు తెలియజేయగలరు.

సమాధానం
రాసినవారు: అకర్బన రసాయన శాస్త్ర అధ్యాపకుడు

మీరు అడిగిన ప్రశ్న ఈ రంగంలో చాలామంది అడగకుండా దాటవేసే ప్రశ్న. దీనికి జవాబు జింక్ ఆక్సీకరణ స్థితిలోనే ఉంది. జింక్ ఎసిటేట్‌లో జింక్ +2 స్థితిలో ఉంటుంది. జింక్ ఆక్సైడ్‌లోనూ అది +2 స్థితిలోనే ఉంటుంది. మొదట్లోనూ చివర్లోనూ స్థితి ఒకటే అయినప్పుడు క్షయకరణం జరగవలసిన అవసరమే లేదు. అయాను చుట్టూ ఉన్న ఎసిటేట్, నీటి అణువులు తొలగి ఆ స్థానంలోకి ఆక్సైడ్ రావడమే ఇక్కడ జరిగే మార్పు.

క్షయకరణం అన్న మాట ఈ సాహిత్యంలోకి వెండి, బంగారు నానోకణాల నుంచి వచ్చింది. అక్కడ అది సరైన మాటే. వెండి అయాను లోహంగా మారే చర్యకు ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ (ఇది ఎంత ఎక్కువైతే క్షయకరణం అంత సులువు) +0.80 వోల్టులు, పాలీఫీనాల్‌లు, చక్కెరలు ఆ పనిని సులువుగా చేయగలవు. జింక్ అయాను లోహంగా మారే చర్యకు ఆ విలువ −0.76 వోల్టులు. ఏ పండు తొక్కలోని పాలీఫీనాల్ కూడా నీటి ద్రావణంలో అంత దూరం నెట్టలేదు. క్షార మాధ్యమంలో పాలీఫీనాల్‌లు మరింత బలమైన క్షయకారిణులు అవుతాయన్న వాదన ఒకటి ఉంది. అది నిజమే గానీ, క్షారంలో జింక్ జింకేట్ (హైడ్రాక్సైడ్‌లతో కూడిన, నీటిలో కరిగే జింక్ అయాను) రూపంలో ఉంటుంది, దాన్ని లోహంగా మార్చే పొటెన్షియల్ సుమారు −1.2 వోల్టులకు దిగిపోతుంది. అంటే రెండింటి మధ్య అంతరం అలాగే మిగిలిపోతుంది. మొదట జింక్ లోహం ఏర్పడి ఆ తరువాత గాలిలో ఆక్సీకరణం చెందుతుందని కొన్ని పత్రాల్లో గీసే పథకాలకు అందుకే ఆధారం లేదు.

ఇతర ఆక్సైడ్‌లను చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. మెగ్నీషియం, టైటానియం ఆక్సైడ్‌ల విషయంలోనూ ఆక్సీకరణ స్థితి మారదు. టైటానియం ఐసోప్రోపాక్సైడ్ అయితే నీరు తగిలితే చాలు, సారం ఉన్నా లేకపోయినా జలవిశ్లేషణ చెందుతుంది. సీరియం సంగతి మరీ విశేషమైనది: సీరియం నైట్రేట్‌లో లోహం +3 స్థితిలో ఉంటుంది, సీరియం డయాక్సైడ్‌లో +4 స్థితిలో ఉంటుంది, కనుక అక్కడ జరగవలసింది ఆక్సీకరణం. అయినా సారం క్షయకరణం చేసిందనే రాస్తారు. రాగి మాత్రం నిజంగా వేరు. క్షార మాధ్యమంలో క్షయకరణ చక్కెరలు +2 స్థితిలోని రాగిని ఎర్రని క్యూప్రస్ ఆక్సైడ్‌గా మారుస్తాయి. ఫెహ్లింగ్ పరీక్షలో మనం చూసేది అదే. కాబట్టి ప్రతి లోహానికీ ఒకే చర్యా విధానాన్ని అతికించడం కుదరదు.

ఇక మీ గోధుమ రంగు గురించి. పాలీఫీనాల్‌లు వేడికి, గాలికి ఆక్సీకరణం చెందితే గోధుమ రంగు వస్తుంది. జింక్ లవణం లేకుండా కేవలం సారాన్ని అంతే సేపు వేడిచేసి చూడండి, చాలా వరకు అదే రంగు కనిపిస్తుంది. జింక్ ఆక్సైడ్ తెల్లని పదార్థం. వేడిగా ఉన్నప్పుడు పసుపుగా కనిపించి చల్లారాక మళ్లీ తెల్లబడుతుంది. వెండి కణాలకు ఉండే ప్లాస్మాన్ రంగు (లోహ కణంలోని ఎలక్ట్రాన్లు కాంతికి సామూహికంగా కంపించడం వల్ల వచ్చే రంగు) దానికి ఉండదు. అందుచేత ద్రావణం రంగు మారడం జింక్ ఆక్సైడ్‌కు సాక్ష్యం కాదు.

అవక్షేపం ఎందుకు రాలేదంటే, నారింజ తొక్కల సారానికి ఆమ్ల స్వభావం ఉంటుంది. జింక్ హైడ్రాక్సైడ్ తటస్థ స్థితికి దరిదాపుల నుంచి గాని అవక్షేపించడం మొదలుపెట్టదు. దానికి తోడు సారంలోని సిట్రిక్ ఆమ్లం జింక్‌ను సంశ్లిష్టంగా పట్టి ద్రావణంలోనే నిలిపి ఉంచుతుంది. మీరు సోడియం హైడ్రాక్సైడ్ కలిపినప్పుడు అవక్షేపాన్ని తెచ్చింది హైడ్రాక్సైడ్ అయానే. పీహెచ్‌ను 12 దాటించి ఇంకా పెంచుకుంటూ పోతే అవక్షేపం జింకేట్‌గా తిరిగి కరిగిపోతుందని కూడా గమనించండి. రెండో పద్ధతిలోనైతే జింక్ ఎసిటేట్ తనంతట తానే దాదాపు 250 నుంచి 300 డిగ్రీల మధ్య విఘటనం చెంది ఆక్సైడ్‌గా మారుతుంది. 450 డిగ్రీల కొలిమిలో సారం లేకుండా పెట్టినా మీకు జింక్ ఆక్సైడ్ వచ్చేది.

అలాగని సారానికి పనేమీ లేదని నేను అనడం లేదు. నారింజ తొక్కలో పెక్టిన్ (జెల్లీని గట్టిపరిచే పొడవాటి గొలుసుల పదార్థం) సమృద్ధిగా ఉంటుంది. అందులోని గాలక్టురోనిక్ ఆమ్లపు కార్బాక్సిలేట్ సమూహాలు జింక్ అయాన్లను పట్టుకుని, ద్రావణం ఇగిరిపోతున్నప్పుడు లవణం పెద్ద స్ఫటికాలుగా ఒకచోట చేరకుండా, గొలుసుల పొడవునా విడివిడిగా పరచి ఉంచుతాయి. కొలిమిలో ఆ సేంద్రియ భాగం కాలి వాయువులుగా పోయేటప్పుడు ముద్ద నురగలా పొంగి, ఏర్పడుతున్న ఆక్సైడ్ గింజలు ఒకదానితో ఒకటి అతుక్కుని పెరగకుండా కొంతవరకు అడ్డుకుంటుంది. సిట్రిక్ ఆమ్లాన్ని, ఇథిలీన్ గ్లైకాల్‌ను వాడి మిశ్రమ ఆక్సైడ్‌లను తయారుచేసే పద్ధతికి పెకీని అనే శాస్త్రజ్ఞుడు 1967లో పేటెంట్ పొందారు. మీ తొక్కల సారం చేసే పని ఆ పద్ధతిలోని సేంద్రియ జాలకం చేసే పనికి చాలా దగ్గరగా ఉంటుంది. దీన్ని సంశ్లిష్టీకరణం, అవక్షేపణం, ఉష్ణ విఘటనం అన్న పదాలతో వివరిస్తే మీ నివేదికలో తప్పు పట్టడానికి వీలుండదు.

ఇంకొక్క మాట. సారం కణాలను కప్పి స్థిరపరుస్తుందని 450 డిగ్రీల కొలిమి నుంచి తీసిన పొడి గురించి రాయకండి. ఆ ఉష్ణోగ్రతలో గాలి తగిలే చోట పాలీఫీనాల్ అణువు పాలీఫీనాల్‌గా మిగలదు. మిగిలేది కొంత కర్బనం, కొంత బూడిద. మీ పొడి తెల్లగా కాక బూడిద రంగులో ఉండడానికి ప్రధాన కారణం ఆ కర్బనమే అయి ఉండాలి.

సమాధానం
రాసినవారు: సహజ పదార్థాల విశ్లేషణలో పనిచేస్తున్న పరిశోధకురాలు

పైన చెప్పిన చర్యా విధానంతో పూర్తిగా ఏకీభవిస్తాను. నేను సారం వైపు నుంచి కొంత చేరుస్తాను, ఎందుకంటే ఈ పనుల్లో ఫలితాలు మళ్లీ మళ్లీ ఒకేలా రాకపోవడానికి మూలం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

"నారింజ తొక్కల సారం" అన్నది ఒక రసాయనం పేరు కాదు. పండు రకం, ముగ్గిన స్థాయి, తొక్కను ఎండబెట్టిన ఉష్ణోగ్రత, పొడి గింజల పరిమాణం, నీటి వేడి, ఉంచిన సమయం వీటిలో ఏది మారినా సారం మారుతుంది. ఎక్కువ వేడిలో ఎక్కువ సేపు ఉంచితే పెక్టిన్ ఎక్కువగా దిగి ద్రవం చిక్కబడుతుంది. తక్కువ వేడిలో చిన్న అణువులే ప్రధానంగా వస్తాయి. నారింజలో హెస్పెరిడిన్, దానిమ్మ తొక్కలో ప్యూనికలాజిన్ వంటి ఎల్లాజిటానిన్‌లు, ఉల్లి పొట్టులో క్వెర్సెటిన్, వాడేసిన కాఫీ పొడిలో క్లోరోజెనిక్ ఆమ్లాలు ముఖ్యమైనవి. వీటన్నింటినీ ఫైటోకెమికల్స్ (మొక్కల రసాయనాలు) అన్న ఒక్క మాటలో కలిపేస్తే ఏది ఏ పని చేసిందో ఎప్పటికీ తేలదు.

కనుక మొత్తం ప్రాజెక్టుకు సరిపడా తొక్కల పొడిని ఒకేసారి సిద్ధం చేసి, బాగా కలిపి, గాలి చొరని సీసాలో భద్రపరచండి. సారాన్ని మాత్రం ఏ రోజుకారోజు తాజాగా తీయడం మేలు. నిల్వ ఉంచక తప్పకపోతే 4 డిగ్రీల వద్ద కొద్ది రోజులకు మించి ఉంచకూడదు, బూజు పట్టకముందే పీహెచ్ మారడం మొదలవుతుంది. ప్రతి విడత సారానికీ కనీసం మూడు విలువలు నమోదు చేయండి: పీహెచ్, తెలిసిన పరిమాణాన్ని ఇగరబెట్టితే మిగిలే ఘనపదార్థపు బరువు, ఫోలిన్–సియోకాల్టో పద్ధతిలో గాలిక్ ఆమ్లంతో పోల్చి చెప్పే మొత్తం ఫీనాల్‌ల మోతాదు. వడపోత కాగితం ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. దాని గుండా దాటిపోయే సన్నని పీచు తునకలు తరువాత ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాల్లో కనబడి కంగారు పెడతాయి, కాబట్టి వడకట్టిన తరువాత సెంట్రిఫ్యూజ్ చేయండి.

మొక్క భాగాల్లో సేంద్రియ పదార్థంతో పాటు ఖనిజాలు కూడా ఉంటాయి. పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్ సారంలోకి దిగి, కొలిమిలో కాలిపోకుండా మీ పొడిలోనే నిలిచిపోతాయి. అరటి తొక్క వాడేవారికి పొటాషియం బెడద మరీ ఎక్కువ. మీ ప్రయోగంలో దీన్ని కనిపెట్టడానికి తూకం చాలు. మీరు తీసుకున్న 100 మిల్లీలీటర్ల 0.1 మోలార్ ద్రావణంలో 0.01 మోల్ జింక్ ఉంది, దాని నుంచి రాగల జింక్ ఆక్సైడ్ అత్యధికంగా 0.81 గ్రాములు. కొలిమి నుంచి తీసిన పొడి అంతకన్నా ఎక్కువ తూగితే ఆ అదనపు బరువు కర్బనానిదో బూడిదదో అయి తీరాలి. ఏ పరికరమూ అక్కరలేని ఈ లెక్కను ఎక్స్‌ఆర్‌డీకి (స్ఫటిక నిర్మాణాన్ని చూపే ఎక్స్-కిరణ వివర్తన పరీక్షకు) పంపడానికి ముందే వేసుకోవడం మంచిది.

సమాధానం
రాసినవారు: ప్రయోగశాల భద్రత చూసే సాంకేతిక సహాయకుడు

ఈ చర్చ చదివి జింక్ ఎసిటేట్ బదులు జింక్ నైట్రేట్ వాడాలనుకునేవారికి ఒక హెచ్చరిక. నైట్రేట్ బలమైన ఆక్సీకారిణి, ఎండిన తొక్కల సారం ఇంధనం. రెండూ కలిసిన ముద్దను ఎండబెట్టి వేడి చేస్తే అది ఒక దశలో ఒక్కసారిగా అంటుకుని మండగలదు. ద్రావణ దహన సంశ్లేషణ అనే పద్ధతి పనిచేసేదే ఈ సూత్రం మీద. అందుచేత తొలి ప్రయత్నాల్లో ముద్ద పరిమాణాన్ని ఒకటి రెండు గ్రాములకు మించనీయకండి, పింగాణీ మూసలో మూడోవంతుకు మించి నింపకండి, మూత బిగించకండి, ముందే 450 డిగ్రీలకు చేరిన కొలిమిలోకి ముద్దను నేరుగా తోయకుండా నిమిషానికి రెండు నుంచి ఐదు డిగ్రీల చొప్పున వేడిని పెంచండి. గోధుమ రంగు నైట్రోజన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక కొలిమి పొగ బయటకు పోయే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి. చల్లారిన పొడిని నూరేటప్పుడు అది గాలిలోకి లేస్తుంది, తగిన మాస్కు ధరించి ఫ్యూమ్ హుడ్‌లోనే నూరండి. కడిగిన నీళ్లలో జింక్ ఉంటుంది, అది జలచరాలకు హానికరం. ఆ నీటిని సింకులో పారబోయకుండా వేరే డబ్బాలో సేకరించాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మీ సూచనల ప్రకారం సారం లేకుండా, అదే గాఢత గల జింక్ ఎసిటేట్‌ను ఇగరబెట్టి అదే కొలిమిలో అంతే సేపు ఉంచి ఒక నమూనా తయారుచేశాను. అది తెల్లగా వచ్చింది. రెండింటికీ ఎక్స్‌ఆర్‌డీ తీయించాను. రెండింటిలోనూ 31.8, 34.4, 36.3 డిగ్రీల వివర్తన కోణాల వద్ద ప్రధాన శిఖరాలు ఉన్నాయి. 36.3 వద్ద ఉన్న శిఖరానికి సగం ఎత్తులో వెడల్పు సారంతో చేసిన నమూనాలో 0.40 డిగ్రీలు, సారం లేనిదానిలో 0.22 డిగ్రీలు. సారంతో చేసినదానిలో 28.3, 29.4 డిగ్రీల వద్ద రెండు చిన్న శిఖరాలు అదనంగా కనిపిస్తున్నాయి. పొడి బరువు కూడా 0.81 గ్రాముల కన్నా ఎక్కువే వచ్చింది. షెరర్ సమీకరణంతో (శిఖరం వెడల్పు నుంచి పరిమాణాన్ని లెక్కించే సూత్రంతో) కణాల పరిమాణం 21 నానోమీటర్లు అని రాయవచ్చా? ఈ పొడితో మిథిలీన్ బ్లూ రంగును కాంతి ఉత్ప్రేరణంతో (కాంతి సాయంతో ఉత్ప్రేరకం చర్యను నడిపించడంతో) తొలగించే ప్రయోగం చేయాలన్నది తరువాతి దశ.

సమాధానం
రాసినవారు: ఎక్స్-కిరణ వివర్తనంపై పనిచేసే పరిశోధకుడు

మీరు చెప్పిన మూడు ప్రధాన శిఖరాలు షట్కోణ వర్ట్‌జైట్ నిర్మాణం గల జింక్ ఆక్సైడ్‌వి, వరుసగా 100, 002, 101 తలాలకు చెందినవి. అదనపు శిఖరాల్లో 28.3 డిగ్రీల వద్దది పొటాషియం క్లోరైడ్‌కు, 29.4 డిగ్రీల వద్దది కాల్సైట్‌కు సరిపోతాయి. మొదటిదైతే 40.5 డిగ్రీల వద్ద కూడా ఒక శిఖరం ఉండాలి, ఒకసారి చూడండి. పొటాషియం క్లోరైడ్ నీటిలో కరిగిపోతుంది కాబట్టి పొడిని స్వేదన జలంతో కడిగి ఆరబెట్టి మళ్లీ ఎక్స్‌ఆర్‌డీ తీస్తే ఆ శిఖరం మాయమై సంగతి తేలిపోతుంది. కాల్సైట్ 450 డిగ్రీల వద్ద విఘటనం చెందదు, నీటితోనూ పోదు. దాన్ని ఆమ్లంతో కడగాలని చూడకండి, జింక్ ఆక్సైడ్ కూడా కరిగిపోతుంది.

షెరర్ విలువ విషయంలో కొంత జాగ్రత్త కావాలి. రాగి కె-ఆల్ఫా తరంగదైర్ఘ్యం 0.15406 నానోమీటర్లు, స్థిరాంకం 0.9, వెడల్పు 0.40 డిగ్రీలు తీసుకుంటే 21 నానోమీటర్లు వచ్చే మాట నిజమే. కానీ ఆ 0.40 డిగ్రీల్లో పరికరం వల్ల వచ్చే వెడల్పు కూడా కలిసి ఉంది. ఉదాహరణకు అది 0.10 డిగ్రీలు అనుకుందాం. శిఖరం ఆకారం గాసియన్ అని భావించి వర్గాల భేదంతో సరిచేస్తే దాదాపు 22 నానోమీటర్లు వస్తుంది. లోరెంజియన్ అని భావించి నేరుగా తీసివేస్తే 28 వస్తుంది. సారం లేని నమూనాకు ఇవే లెక్కలు వేస్తే ఒక పద్ధతిలో 43, ఇంకో పద్ధతిలో 70 నానోమీటర్లు వస్తాయి. శిఖరం సన్నబడేకొద్దీ పరికరం వాటా పెరిగి లెక్క అంతగా ఊగుతుంది. అందువల్ల లాంథనమ్ హెక్సాబోరైడ్ వంటి ప్రామాణిక పదార్థంతో మీ పరికరపు వెడల్పును కొలిపించుకోండి. దశాంశ స్థానాలతో పరిమాణం రాయకండి. స్ఫటికంలోని వికృతి (అణువుల వరుసలు సాగడం, నొక్కుకుపోవడం) కూడా శిఖరాన్ని వెడల్పు చేస్తుంది కనుక ఒక్క శిఖరం మీదే ఆధారపడకుండా, పరిమాణాన్ని వికృతి నుంచి వేరుచేసే విలియమ్సన్–హాల్ గీత గీయడం మంచిది.

మీరు "కణాల పరిమాణం" అన్నారు. షెరర్ సమీకరణం ఇచ్చేది స్ఫటిక ఖండపు పరిమాణం. ఒక కణంలో అలాంటివి ఎన్నో అతుక్కుని ఉండవచ్చు. కణం ఎంత ఉందో టీఈఎం (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) చిత్రాలు చెప్పాలి. అందులోనూ అందంగా కనిపించిన ఒక మూలను కాకుండా వేర్వేరు చోట్ల నుంచి వందల కణాలను కొలిచి పరిమాణ వితరణ ఇవ్వాలి. నీటిలో డీఎల్‌ఎస్ (కాంతి చెదరడాన్ని బట్టి పరిమాణం కొలిచే పద్ధతి) తీస్తే వచ్చే విలువ సాధారణంగా ఈ రెండింటికన్నా పెద్దది, ఎందుకంటే అది గుచ్ఛాలను వాటి చుట్టూ ఉన్న నీటి పొరతో సహా కొలుస్తుంది.

ఇన్ని షరతులు ఉన్నా ఒక విషయం మాత్రం మీ ఫలితాల్లో గట్టిగా నిలుస్తుంది. ఒకే కొలిమి, ఒకే సమయం, ఒకే పరికరం. అయినా సారం ఉన్న నమూనా శిఖరాలు దాదాపు రెండింతలు వెడల్పుగా ఉన్నాయి. సారం స్ఫటికాల పెరుగుదలను నిరోధించిందని చెప్పడానికి మీ దగ్గర ఇప్పుడు పోల్చదగిన ఆధారం ఉంది. సారం లేని నమూనా చేయకపోయి ఉంటే ఈ వాక్యం రాసే హక్కు మీకు ఉండేది కాదు. వీలైతే ఇంకో రెండు నమూనాలు చేయండి: ఒకటి శుద్ధమైన పెక్టిన్‌తో, ఒకటి సిట్రిక్ ఆమ్లంతో. వాటిలో ఏది మీ 0.40కు దగ్గరగా వస్తుందో చూస్తే సారంలో పని చేస్తున్నది ఏమిటో చాలావరకు తెలుస్తుంది. అలాగే జింక్ లేకుండా సారాన్ని మాత్రమే కాల్చి ఆ బూడిదకు ఎక్స్‌ఆర్‌డీ తీయించండి.

సమాధానం
రాసినవారు: అకర్బన రసాయన శాస్త్ర అధ్యాపకుడు

మిథిలీన్ బ్లూ ప్రయోగానికి వెళ్లేముందు మీ పొడిలోని కర్బనం సంగతి చూసుకోవాలి. కర్బనం రంగును అధిశోషించి (తన ఉపరితలానికి అంటించుకుని) ద్రావణాన్ని వెలిసిపోయేలా చేస్తుంది, అది కాంతి ఉత్ప్రేరణంలా భ్రమింపజేస్తుంది. కాబట్టి ముందుగా చీకటిలో కలియబెడుతూ, 664 నానోమీటర్ల వద్ద శోషణం మారడం ఆగిపోయేవరకు నమూనాలు తీస్తూ ఉండండి. అందరూ అరగంట అని రాస్తారు గానీ మీ పొడికి అది చాలకపోవచ్చు. సమతాస్థితి వచ్చిందని చూపాకే దీపం వెలిగించాలి. పొడి లేకుండా కాంతి మాత్రమే, సారం లేకుండా చేసిన జింక్ ఆక్సైడ్, బూడిద మాత్రమే ఇలా మూడు పోలికలు పక్కనే నడవాలి. పోల్చేటప్పుడు ఉపరితల వైశాల్యం కూడా లెక్కలోకి రావాలి, ఎందుకంటే చిన్న స్ఫటికాలకు సహజంగానే ఎక్కువ ఉపరితలం ఉంటుంది.

దీపం ఎంపికలోనూ జాగ్రత్త పడండి. జింక్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను ఉత్తేజపరచడానికి కావలసిన కనీస శక్తి) సుమారు 3.37 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 368 నానోమీటర్లకు లోపలి అతినీలలోహిత కాంతినే అది ప్రధానంగా వాడుకోగలదు. దృశ్య కాంతిలో మిథిలీన్ బ్లూ వెలిసిపోతే ఆ కాంతిని పీల్చింది రంగు అణువే కావచ్చు, అప్పుడు మీరు కొలుస్తున్నది ఉత్ప్రేరకపు సొంత సామర్థ్యం కాదు. రంగు లేని ఫీనాల్ లేదా సాలిసిలిక్ ఆమ్లంతో కూడా ఒకసారి పరీక్షిస్తే ఈ సందేహం తీరుతుంది. రంగు పోవడం, అణువు పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారడం ఒకటి కాదు. మొత్తం సేంద్రియ కర్బనం కొలిచే అవకాశం ఉంటే వదులుకోకండి. బ్యాండ్ గ్యాప్ విలువ కాస్త అటూ ఇటూ వస్తే దాన్ని క్వాంటమ్ నిర్బంధానికి (కణం మరీ చిన్నదైనప్పుడు బ్యాండ్ గ్యాప్ పెరగడానికి) అంటగట్టకండి. జింక్ ఆక్సైడ్‌లో ఆ ప్రభావం చెప్పుకోదగ్గ స్థాయిలో కనిపించాలంటే పరిమాణం పది నానోమీటర్ల లోపలికి బాగా దిగాలి, మీ స్ఫటికాలు అంతకు చాలా పైన ఉన్నాయి.

చెప్పవలసిన మాట ఇంకొకటుంది: పండ్ల తొక్కలు వాడే ఇలాంటి తయారీని హరిత (పర్యావరణానికి హాని తగ్గించే) పద్ధతి అనవచ్చా? అనస్తాస్, వార్నర్ 1998లో ప్రకటించిన పన్నెండు హరిత రసాయన సూత్రాల్లో పునరుత్పాదక ముడిపదార్థాలు వాడాలన్నది ఒకటి మాత్రమే. వ్యర్థాన్ని పుట్టనీయకపోవడం, శక్తిని పొదుపుగా వాడడం కూడా అందులో ఉన్నాయి. మీ ప్రయోగంలో 10 గ్రాముల తొక్క పొడి నుంచి కొంత భాగమే నీటిలోకి దిగింది, మిగిలిన పిప్పి మళ్లీ వ్యర్థమే. వచ్చిన ఉత్పత్తి గ్రాముకన్నా తక్కువ. దానికి రెండు గంటల కొలిమి వేడి ఖర్చయింది. పెక్టిన్ వల్ల స్ఫటికాలు చిన్నవవుతున్నాయని మీ ప్రయోగాల్లో తేలితే, అదే ఫలితం పదో వంతు తొక్కతో వస్తుందో లేదో, 450 బదులు 350 డిగ్రీలు సరిపోతాయో లేదో చూడవచ్చు. తక్కువ వేడిలో కర్బనం ఎక్కువ మిగిలే ప్రమాదం ఉంది కనుక ముద్దను పలుచగా పరచి, గాలి బాగా ఆడేలా ఉంచి, ముందుగా ఒక టీజీఏ (వేడి పెరిగేకొద్దీ బరువు తగ్గడాన్ని కొలిచే పరీక్ష) తీయించి ఆ సేంద్రియ భాగం ఎక్కడ కాలడం పూర్తవుతుందో తెలుసుకోండి. ఆ గీత చూశాకే కొలిమి ఉష్ణోగ్రతను నిర్ణయించండి. ఈలోగా పిప్పిని పారేయకుండా ఆరబెట్టి తూచి ఉంచండి, మీ లెక్కలో ఆ బరువు కూడా కనిపించాలి.